పదకొండో పేజీ

ఆ హాల్లో యంత్రాన్ని అందరూ అత్తగారు అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావులెవరో గానీ ఊరికే పెట్టలేదు. ఆవిడ చెప్పినదానికల్లా తలూపినంతకాలం ఇల్లు చల్లగా ఉంటుంది. కాదంటే సంజాయిషీ రాసుకోవాలి. ఆవిడ చెప్పుచేతల్లో పనిచేసే ఎనిమిదిమంది పరిశీలకులు, అందులో ఇద్దరు మీసాలవాళ్ళతో సహా, ఒకరికొకరు తోడికోడళ్ళు.

మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు రోజుకు ఎన్ని గంటలు ఆయాను పంపాలో అత్తగారు లెక్క కడుతుంది. ఆ లెక్కను ఎవరో ఒక మనిషి చూసి తీరాలని చట్టం. చూశాక నొక్కడానికి తెర అడుగున రెండు మీటలుంటాయి. ‘ఒప్పుకుంటున్నాను’ అనే మీట ఫైలు తెరిచిన నలభై సెకన్ల దాకా బూడిదరంగులో ఉండి, ఆ తర్వాత పచ్చబడుతుంది. మనిషి నింపాదిగా చదవాలని పైవాళ్ళు అంత ముందుచూపుతో పెట్టారు. ‘ఒప్పుకోను’ అనే మీటకు ఆగే పనిలేదు, నొక్కగానే మూడు పేజీల పత్రం ఒకటి తెరుచుకుంటుంది. అది నింపేసరికి గంట పడుతుంది. రోజుకు తెమల్చాల్సిన ఫైళ్ళేమో నాలుగొందలు. అందుకని ఆ నలభై సెకన్లలో చదవడం తప్ప మిగతా పనులన్నీ జరుగుతాయి. ఒకరు గోళ్ళు కత్తిరించుకుంటారు. మీసాలవాళ్ళలో పెద్దాయన కునుకు తీసి, సరిగ్గా నలభై ఒకటో సెకనుకు కళ్ళు తెరుస్తాడు.

కిటికీ పక్కన కూర్చునే ఆమె అల్లికలో ఘటికురాలు, ఆమెను దారపుండ అంటారు. ఊలు టోపీలో ఒక వరుస అల్లడం అయ్యేసరికి మీట పచ్చబడుతుంది. ఆమె గడియారం చూడదు, తెరా చూడదు. వరుస కాగానే చెయ్యి దానంతటదే వెళ్ళి నొక్కి వస్తుంది. ఇప్పుడు అల్లుతున్న టోపీ పక్కసీటు టీచరమ్మకు పుట్టబోయే మనవడికో మనవరాలికో.

టీచరమ్మ మాత్రం చదువుతుంది. అదే ఆమెకున్న రోగం. ఒకప్పుడు బళ్ళో పిల్లల పుస్తకాలు దిద్దిన చెయ్యి, కాగితం కనబడితే ఆఖరి పేజీ దాకా వెళ్ళనిదే ఊరుకోదు. రెండు నెలల్లో ఏడుసార్లు ఒప్పుకోనంది. దాంతో తెర మీద ఆమె పేరు పక్కనుండే పచ్చచుక్క కాస్తా పసుపురంగుకు తిరిగింది. ఇంకొక్కసారి కాదంటే ఎరుపు. ఎర్రచుక్క పడ్డవాళ్ళకు ఉద్యోగం పొడిగించరు, ఉద్యోగం లేనివాళ్ళు ఆఫీసు ఆవరణలోని క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆ రెండు గదుల క్వార్టర్లో ఆమె కూతురు ఎనిమిదో నెలతో, మంచం దిగొద్దన్న డాక్టరు మాట మీద, పక్కకు తిరిగి పడుకుని ఉంది.

సోమవారం మధ్యాహ్నం ఆమె ముందుకొచ్చిన ఫైలు పక్షవాతంతో కుడివైపు పడిపోయిన డెబ్బై నాలుగేళ్ళావిడది. ఇంట్లో ఉండేది ఆమె, ఆమె భర్త. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగిన మనిషి, వయసు డెబ్బై ఎనిమిది. ఇన్నాళ్ళూ రోజుకు ఎనిమిది గంటలు ఆయా వచ్చేది. అత్తగారు దాన్ని రెండు గంటలకు తగ్గించింది. కారణం ఒక్క ముక్కలో చెప్పింది: ఇంట్లో సమర్థుడైన సంరక్షకుడు ఉన్నాడు.

ఆ సమర్థత ఎక్కడినుంచి వచ్చిందా అని వెతికితే నాలుగో పేజీలో దొరికింది. ఇంటికి వెళ్ళి చూసొచ్చిన నర్సు, పాపం, మనసు నిండి రాసిన మాటలవి. భర్త భార్యను తనే లేపి కూర్చోబెడుతున్నారు, నీళ్ళు కాచి ఒళ్ళు తుడుస్తున్నారు, తల దువ్వుతున్నారు, ఇంత ఓపిక ఉన్న మనిషిని నేను చూడలేదు. నర్సు మెచ్చుకుంది, అత్తగారు ఆ మెప్పును గంటల్లోకి మార్చి కోసేసింది. టీచరమ్మ పేజీలు కిందికి తిప్పుతూ పోయింది. పదకొండో పేజీలో చేత్తో రాసిన కాగితానికి తీసిన ఫొటో ఉంది. అదీ ఆ నర్సు రాతే, తర్వాత జత చేసింది. పోయిన వారం భార్యను లేపబోయి భర్త జారిపడ్డారు, కుడి మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు, చూపు కూడా బాగా తగ్గింది, మంచం ఎత్తు ఎక్కువ. ఫొటో కాబట్టి అత్తగారికి అది అక్షరాల కింద లెక్కకు రాలేదు.

మీట ఎప్పుడో పచ్చబడింది. టీచరమ్మ వేలు కదల్లేదు. పక్కకు వంగి, ఇలా ఉందని దారపుండకు చెప్పింది. దారపుండ సూదులు ఆపకుండానే విని, కూతుర్ని గుర్తు చేసింది, చుక్కను గుర్తు చేసింది. తర్వాత గడ్డంతో గోడ వైపు చూపించింది. అక్కడ అద్దాల చట్రంలో అయిదు వాక్యాలు పెద్దక్షరాలతో ఉంటాయి. యంత్రం సలహా ఇస్తుంది, మనిషి నిర్ణయిస్తాడు. ఎవరిపట్లా వివక్ష ఉండదు. అడిగిన ప్రతివారికీ కారణం చెప్పాలి. దేన్నీ దాచకూడదు. ప్రతి నిర్ణయానికీ ఒక మనిషి జవాబుదారీ.

“ఆయన వచ్చి అడుగుతాడు, కారణం చెబుతారు, మళ్ళీ అర్జీ పెట్టుకుంటాడు. అన్నీ ఉన్నాయి కదక్కా. మధ్యలో నువ్వెందుకు నెత్తిన వేసుకోవడం?” అంది దారపుండ.

సాయంత్రం ఆరింటికి ఏ ఫైలూ తెరిచి ఉండకూడదు. అయిదూ యాభై ఎనిమిదికి టీచరమ్మ పచ్చమీట నొక్కింది. నొక్కి, చేతిసంచీ తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగిపోయింది. ఆ రాత్రి కూతురి కాళ్ళకు దిండు సర్దుతూ ఉంటే, ఎందుకలా ఉన్నావమ్మా అని కూతురు అడిగింది. తలనొప్పి అని చెప్పింది.

బుధవారం పొద్దున్నే మేనేజరు ఆమె సీటు దగ్గరికి వచ్చి, కారణం అడగడానికి ఎవరో వచ్చారని, గాజుగదిలో కూర్చోబెట్టామని చెప్పాడు. కారణం చెప్పాల్సింది ఆ నిర్ణయం మీద సంతకం ఉన్న మనిషే. మేనేజరు చెడ్డవాడు కాదు. వెళ్ళేముందు ఆమెకు మంచినీళ్ళు తాగమని చెప్పాడు.

కండక్టరు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు, ఆ కట్టుకు మ్యాచింగా తెల్లబడిన మీసం. చొక్కా పైబొత్తాం పక్కకాజాలో పెట్టుకున్నాడు. ఎడమచేత్తో పెట్టుకుంటే అలాగే అవుతుంది. టీచరమ్మ ఎదురుగా కూర్చుని అచ్చువేసిన కారణాల కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని, చివరికి టేబుల్ మీద పెట్టేశాడు.

“యంత్రం కదమ్మా, ఏదో పొరబడి ఉంటుంది. మనిషి చూసి ఉంటే ఇలా చెయ్యరని మా ఆవిడకి చెప్పి వచ్చాను. ఎవరినైనా ఒకసారి చూడమనండి, చాలు.”

 దాచకూడదని గోడ మీద నాలుగో వాక్యం. దాచినా, కాగితం అడుగున టీచరమ్మ పేరు ఉంది.

“నేను చూశానండీ.”

“పూర్తిగానా?”

“పూర్తిగానే. మీ చెయ్యి సంగతి కూడా చదివాను.”

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆయన తన కట్టు వైపు, తర్వాత ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఏదో అర్థం కాక తడుముకోవడం కనిపించింది, టికెట్టుకు చిల్లర సరిపోక మళ్ళీ మళ్ళీ ఎంచుకునే మనిషిలా.

“చదివి కూడానా అమ్మా?” అన్నాడు.

టీచరమ్మ గొంతు తగ్గించి, అర్జీ ఎలా పెట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. నేను చేస్తున్నాను అనే మాట ఎక్కడా రాయొద్దని, లేపలేను, తుడవలేను, నా వల్ల కాదు అని రాయమని చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చేస్తూ చేయడం లేదని ఎలా రాస్తానని అడిగాడు. నిన్న కూడా ఒంటిచేత్తోనే లేపానని, ఎడమ భుజం ఆమె చంక కింద పెడితే లేస్తుందని లేచి నిలబడి మరీ చూపించాడు. అర్జీ తేలడానికి నలభై అయిదు రోజులు పడుతుందని ఆమె చెప్పాక మాత్రం కూర్చున్నాడు. ఆయా రేపటినుంచి రోజుకు రెండు గంటలే ఉంటుంది.

ఆ రోజు టీచరమ్మ చేతికింద నాలుగొందల ఫైళ్ళూ తెమిలాయి గానీ, ఏ ఒక్కటీ ఆమెకు గుర్తులేదు. చదివి కూడానా అన్న మాటే చెవిలో హోరెత్తుతూ ఉంది.

నొక్కిన నిర్ణయాన్ని మూడు రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చని నియమాల్లో ఒక మూల ఉంది. ఆ హాల్లో దాన్ని ఇప్పటిదాకా ఎవరూ వాడలేదు. వాడితే ఎర్రచుక్క ఖాయం కాబట్టి వాడే అవసరమూ ఎవరికీ రాలేదు. టీచరమ్మ బుధవారం సాయంత్రమంతా లెక్కలు వేసుకుంది. చుక్క ఎరుపైనా క్వార్టరు ఖాళీ చెయ్యడానికి నెల గడువిస్తారు. ఈలోగా కూతురి కాన్పు అయిపోవచ్చు. కాకపోతే, ఏదో ఒకటి. గురువారం పొద్దున అందరికంటే ముందు వచ్చి కూర్చుని, వెనక్కి తీసుకునే పత్రం తెరిచి మూడు పేజీలు రాసింది. బళ్ళో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ఎంత శ్రద్ధగా రాసేదో అంత శ్రద్ధగా రాసింది. విరిగిన మణికట్టు, తగ్గిన చూపు, మంచం ఎత్తు, ఒంటిచేత్తో లేపడంలో ఉన్న ప్రమాదం, ఇవేవీ అత్తగారి లెక్కలోకి రాకపోవడం, అన్నీ. సోమవారమే ఇవన్నీ తాను చదివానని, చదివి కూడా తప్పు నిర్ణయం తీసుకున్నానని కూడా రాసింది. నర్సు రాసిన పదకొండో పేజీని మొట్టమొదట జత చేసింది.

దాన్ని రెండో మనిషి ఒకరు చూసి ఖాయం చెయ్యాలి. ఎవరికి వెళ్ళేదీ చీటీ పద్ధతిలో యంత్రమే తేలుస్తుంది, రాసినవాళ్ళ పేరు చూసేవాళ్ళకు కనపడదు, వివక్ష ఉండకూడదు కదా. ఒకరికొకరు చెప్పుకోవడం కూడా నిషేధం. టీచరమ్మకు దారపుండ చెవిన వెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెబితే ఆ పిల్లనీ ఇందులోకి లాగినట్టవుతుంది, ఇద్దరు పిల్లల తల్లి. పైగా, ఏడుగురిలో ఎవరికి వెళ్ళినా మొదటి పేజీ అయినా చూస్తారు కదా, చూస్తే చాలు కదా అనుకుంది. ఇన్నాళ్ళుగా ఆ నలభై సెకన్లలో ఎవరు ఏం చేస్తారో కళ్ళారా చూస్తూ, అలా ఎలా అనుకుందో ఆమెకే తెలియాలి. తను చదువుతుంది కాబట్టి లోకం చదువుతుందనుకోవడం టీచర్లకు పోని జబ్బు.

పదకొండున్నరకు ఆ పత్రం కిటికీ పక్క సీటుకు వెళ్ళింది. తెర మీద మొట్టమొదట కనబడేది ఎప్పుడూ అత్తగారి సలహాయే, జతచేసినవన్నీ దాని వెనకే. సలహా: మునుపటి నిర్ణయం సక్రమం, అభ్యర్థన తిరస్కరించవచ్చు. దారపుండ ఆ సమయానికి టోపీ నడినెత్తి దగ్గరికి వచ్చింది. అక్కడ ప్రతి ఆరు కుట్లకూ ఒకటి తగ్గించుకుంటూ రావాలి, తల ఎత్తితే లెక్క తప్పుతుంది. వరుస అయింది. చెయ్యి వెళ్ళి నొక్కి వచ్చింది. పక్కసీట్లో టీచరమ్మ ఆ చెయ్యి వెళ్ళడం చూసింది గానీ, అది రోజుకు నాలుగొందలసార్లు వెళ్ళే చెయ్యే కదా.

సాయంత్రానికి తిరస్కరించినట్టు కబురు వచ్చింది. ఎవరు తిరస్కరించారో అందులో లేదు. టీచరమ్మ పేరు పక్కన చుక్క ఎర్రబడింది.

శనివారం మధ్యాహ్నం ఆయా వెళ్ళిపోయిన కాసేపటికి కండక్టరు భార్య దాహం అడిగింది. కూర్చోబెట్టి తాగిద్దామని ఆయన ఎడమ భుజం ఆమె చంక కింద పెట్టి లేపాడు. లేచింది. మంచం అంచు దాటాక ఆయన కాలు చెంబుకు తగిలింది, కనపడలేదు. ఇద్దరూ పడ్డారు, ఆమె కిందా ఆయన పైనా. పక్కింటామె చప్పుడు విని వచ్చేదాకా ఆయన ఆమె మీదినుంచి లేవలేకపోయాడు. ఆదివారం తెల్లవారాక ఆసుపత్రిలో ఆమె ప్రాణం పోయింది.

బుధవారం ఆయన రెండు పనుల మీద మళ్ళీ వచ్చాడు. ఆయా హాజరు వేసుకునే కార్డు వాపసు ఇవ్వాలని నియమం, అది ఇవ్వడానికి ఒకటి, ఫిర్యాదు రాయడానికి ఒకటి. ఫిర్యాదుదారు రాయలేని స్థితిలో ఉంటే, కారణం చెప్పిన ఉద్యోగే రాసిపెట్టాలట. ఎవరి ముందుచూపో అదీ. టీచరమ్మ గాజుగదిలోకి వెళ్ళి, కలం మూత తీసి కూర్చుంది. ఆయన చొక్కాకు ఈసారి బొత్తాలన్నీ సరిగ్గా ఉన్నాయి, పక్కింటామె పెట్టి ఉంటుంది.

టీచరమ్మ క్షమించమని అడగబోయింది. ఆయన కట్టు ఉన్న చెయ్యి కొంచెం ఎత్తి వద్దన్నాడు.

“ఏదీ దాచకూడదట కదా, ఫైలు మొత్తం నకళ్ళు ఇచ్చారు. మీరు రాసిన మూడు పేజీలూ పక్కింటామెతో చదివించుకున్నాను. బాగా రాశారమ్మా. నా చెయ్యి, నా చూపు, ఆఖరికి మా మంచం ఎత్తు కూడా. అంతా తెలుసన్నమాట మీకు.”

“అందుకే వెనక్కి తీసుకుంటానని రాశానండీ.”

“సోమవారమే రాసుంటే మా ఆవిడ ఉండేది.”

ఆ తర్వాత ఆయన మెల్లగా, బస్సులో స్టేజీల పేర్లు చెప్పినట్టు, ఒక్కొక్క వాక్యం చెప్పాడు. ఆమె రాసింది. తన భార్య పేరు చెప్పాడు, రాసింది. వయసు చెప్పాడు, రాసింది. తెలిసి కూడా గంటలు తగ్గించారు అని చెప్పాడు. గుండ్రటి అందమైన అక్షరాలతో అదీ రాసింది. ‘బాధ్యులైన ఉద్యోగుల పేర్లు’ అన్నచోట రెండు గీతలున్నాయి. మొదటి గీత మీద తన పేరు రాసుకుని ఆగింది. రెండో పేరు నకళ్ళలో ఉంది, ఆయన జేబులోంచి తీసి టేబుల్ మీద పెట్టాడు. అప్పుడు చూసింది ఆమె, వెనక్కి తీసుకోవడాన్ని తిరస్కరించిన మనిషి పేరు. పక్కనే ఆ మనిషి ఫైలు తెరిచి ఉంచిన సమయం, నలభై ఒక్క సెకన్లు.

ఆ పేరు రాయడానికి కలం కదిలిస్తుంటే ఆయనే ఆపాడు.

“ఆమె పేరు వద్దులెండి. ఆమె చూడలేదట కదా, మా ఆవిడ పోయాక మీ ఆఫీసు చేసిన విచారణలో అలా చెప్పిందని నకళ్ళలోనే ఉంది. చూడనివాళ్ళని ఏమంటాం?”

రెండో గీత ఖాళీగా ఉండిపోయింది. ఆయన ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు. పెట్టి, కలం ఆమెకు తిరిగి ఇచ్చి, అలవాటు కొద్దీ థాంక్స్ అమ్మా అన్నాడు.

మేనేజరు కూడా అదే మాటన్నాడు, కాకపోతే అయిదో వాక్యాన్ని అడ్డం పెట్టుకుని. ఒక నిర్ణయానికి ఒక మనిషి. అత్తగారిని బోనెక్కించలేం కదండీ అని నవ్వబోయి, సందర్భం కాదని మానుకున్నాడు. దారపుండ తెలియక నొక్కింది, అది అజాగ్రత్త, ఒకపూట శిక్షణతో పోతుంది. మీరు చదివారు, చదివినట్టు మీ చేత్తో మీరే రాసిచ్చారు, నేనేం చెయ్యను అన్నాడు. ఆ మూడు పేజీలు లేకపోతే మీ మీద రుజువే ఉండేది కాదు టీచరమ్మా అని కూడా అన్నాడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు. నెల గడువు కూడా రద్దయింది, వారంలో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఈ మూడు రోజులూ మాత్రం కొత్తగా వచ్చినామెకు పని నేర్పి వెళ్ళమన్నాడు.

ఆఖరి రోజు దారపుండ కళ్ళు వాచిపోయి వచ్చింది. పొద్దుటినుంచీ ఏదో చెప్పాలని వస్తూ, సగంలో వెనక్కి వెళుతూ ఉంది. చివరికి టీ తాగే వేళ దగ్గరికొచ్చి, కాగితంలో చుట్టిన టోపీని టీచరమ్మ ఒళ్ళో పెట్టింది.

“నాకు తెలియదక్కా, ఒట్టు. నడినెత్తి దగ్గర కుట్లు తగ్గిస్తున్నాను. లెక్క తప్పుతుందని తల ఎత్తలేదు” అంది.

టీచరమ్మ టోపీని విప్పి చూసింది. తెల్ల ఊలు, అంచుకు సన్నటి నీలం గీత. నడినెత్తి దగ్గర వరుసలు చుట్టూ తిరుగుతూ, ఒకదానికంటే ఒకటి చిన్నదై, ముడిలోకి చేరాయి. ఎక్కడా ఒక్క కుట్టు తప్పు పోలేదు. ఆమె వేలు ఆ వరుసల మీద ఒకసారి తిరిగి ఆగింది. బాగుందే, పుట్టే బిడ్డకు సరిపోతుంది అంది. మడిచి సంచీలో పెట్టుకుంది. దారపుండ ఏడవడం మొదలుపెట్టింది. ఇంకా రెండొందల ఫైళ్ళు మిగిలి ఉన్నాయని గుర్తొచ్చి, కళ్ళు తుడుచుకుని సీటుకు వెళ్ళిపోయింది.

కొత్తామె టీచరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి, పక్కన ఒక నోటుపుస్తకం, చెప్పినదల్లా రాసుకుంటోంది. ఫైలు తెరుచుకుంది. ఆమె నుదురు ముడిచి, పేజీలు కిందికి తిప్పడం మొదలుపెట్టింది. రెండో పేజీ, మూడో పేజీ, నాలుగోది.

“ఇవన్నీ చదవాలి కదండీ?” అని అడిగింది.

టీచరమ్మ చెయ్యి చాచి, తెరను మొదటి పేజీకి తిప్పింది.

“వద్దమ్మా. అది పచ్చబడేదాకా ఆగు, చాలు.”

కొత్తామె కాసేపు తెర వైపు చూసింది. తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ చూసింది. పక్కసీటు నుంచి దారపుండ లేచి వచ్చి, ఆమె ఒళ్ళో ఒక కొత్త ఊలు ఉండా, రెండు సూదులూ పెట్టింది.